తాత జీపూ, నా రెడ్ ఆక్సైడూ

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో ఒక్కటి కూడా ఉండేది కాదు. అంత జ్ఞానం ఒక్క బుర్రలో ఎలా పట్టిందా అని ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యమేస్తుంది. ఇరవై ఒకటో ఏట మెకానికల్ డిప్లొమా చేతికి వచ్చింది మొదలు, ఇంట్లో కొళాయి కారినా, మిక్సీ మొరాయించినా, గేటు కిర్రుమన్నా ముందు నా ఉపన్యాసం ఉండేది. ఆ తరువాత ఎవరో ఒకరు వచ్చి బాగుచేసి పోయేవారు. ఉపన్యాసానికీ బాగుపడటానికీ సంబంధం లేదని నాతో ఎవరూ అనలేదు, అన్నా నేను విని ఉండేదాన్ని కాదు. ఇప్పుడు ఇన్నేళ్ళుగా ఫ్యాక్టరీలో ఇనుముకు రంగు వేయించడమే నా ఉద్యోగం. కొత్తగా చేరిన ఇంజనీరు ఎవరైనా వచ్చి, ఈ పెయింటు ఎన్నాళ్ళు నిలుస్తుంది మేడమ్ అని అడిగితే "ఏమో, చూడాలి" అంటాను. అతను నన్ను జాలిగా చూస్తాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఆ వయసులో నేను అందరినీ అలాగే చూసేదాన్ని.

మాది పుదుచ్చేరి, కోసపాళయం. మా వాళ్ళు ఎన్ని తరాల కిందట ఇక్కడికి వచ్చారో మా తాతకే తెలియదు. అడిగితే "మనమెప్పుడూ ఈడనే ఉండాము" అనేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ ఆ తెలుగు విన్న ఆంధ్రావాళ్ళు మొదట నవ్వి, తరువాత ఇది ఏ భాషండీ అని మర్యాదగా అడుగుతారు. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది పెళ్ళయ్యాక, మా ఆయన దగ్గర (కాబట్టి ఇందులో తప్పులేమైనా కనబడితే అవి ఆయనవి). తాతకు ఊరి బయట కొబ్బరి తోట ఉండేది. ఆ తోట కోసం అప్పటికి పదిహేనేళ్ళ కిందట కొత్తదిగా కొన్న జీపు ఒకటి ఉండేది. తాత ఆ జీపును ఏనాడూ పొగిడింది లేదు. కాకపోతే ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే మాత్ర వేసుకున్నావా అని ఒక్కసారి అడిగి ఊరుకునే మనిషి, జీపు ఉదయం పూట స్టార్టు కాకుండా దగ్గితే మాత్రం ఆ రోజంతా అన్నం సరిగా తినేవాడు కాదు.

అయితే తాత ప్రేమించినంతగా ఆ జీపును ఉప్పు కూడా ప్రేమించింది. కొబ్బరి చెట్లకు ఎండు చేపల చెత్తను మించిన ఎరువు లేదని తాత నమ్మకం. అందుకని వారానికొకసారి జీపు సముద్రం ఒడ్డునున్న సోలై నగర్ వెళ్ళేది. అక్కడ ఇసుకలోకి దిగి, చేపలవాళ్ళ దగ్గర తడి ఆరని గోనెసంచులు ఎక్కించుకుని, దారి పొడుగునా ఉప్పునీళ్ళు ఓడ్చుకుంటూ తోటకు చేరేది. పదిహేనేళ్ళు అలా తిరిగింది. చెట్లు బ్రహ్మాండంగా కాచాయి. జీపు కింద ఏం జరుగుతోందో ఎవరూ వంగి చూడలేదు. ఒక రోజు మా చిన్నాయన బండి కింద పడుకుని స్క్రూడ్రైవరుతో ఛాసిస్‌ను తట్టాడు. (ఇంజను, బాడీ, చక్రాలు అన్నీ ఆధారపడే ఆ పొడుగాటి ఇనుప చట్రమే ఛాసిస్. బండికి వెన్నెముక అనుకోండి.) తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలి ఆయన నోట్లో పడింది. ఉమ్ముకుంటూ లేచి, దీన్ని పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చేయడం మేలని తీర్పు చెప్పాడు. బండికి పదిహేనేళ్ళు నిండాయి, రవాణా ఆఫీసుకు తీసుకెళ్ళి చూపించి, రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. దాన్ని మా ఊళ్ళో అందరూ ఎఫ్.సి. అంటారు. ఈ వెన్నెముకతో అది రాదని ఆయన వాదన.

సరిగ్గా అదే వారంలో నాకు ఉద్యోగం వచ్చినట్టు ఉత్తరం వచ్చింది. చెన్నై పోయే దారిలో ఒక ఫ్యాక్టరీ, ఆడపిల్లలకు హాస్టల్ సౌకర్యం, రెండు నెలల్లో వచ్చి చేరమన్నారు. ఆ ఉత్తరాన్ని నేను ఎన్నిసార్లు చదివానంటే మడతల దగ్గర చిరిగిపోయి, అంటించుకోవాల్సి వచ్చింది. మా ఇంట్లో ఆడపిల్ల ఊరు దాటి ఉద్యోగానికి పోవడం అంతకు ముందు లేదు. నాన్న ఏ నిర్ణయమైనా తాత మీదికి తోసేసే మనిషి కాబట్టి, ఉత్తరం తాత ముందుకు వెళ్ళింది. తాత దాన్ని తలకిందులుగా కాసేపు పట్టుకుని, తిరిగి నా చేతికిచ్చాడు.

"ఏంది ఇంజనీరమ్మా, మన ఇంటి బండిని మొదట నిలబెట్టు. దానికి ఎఫ్.సి. తెచ్చినావంటే నువ్వు యాడికి పొయినా నేను అడగను. రాలేదంటే పక్కనుండే సారంలో కంప్యూటర్ సెంటర్లో చేరు. దినమూ సాయంత్రానికి ఇల్లు చేరతావు."

చిన్నాయన నవ్వాడు. అమ్మ నా వైపు చూసింది. అవ్వ, అంటే మా నాయనమ్మ, మునగాకు దూస్తూనే ఉంది. ఆమె నా పక్షమే అనుకున్నాను. నాకు మాత్రం ఆ క్షణంలో తాత మీద ముద్దొచ్చింది. ఫ్యాక్టరీ గేటుకూ నాకూ మధ్య అడ్డంగా ఉన్నది కాస్త తుప్పు మాత్రమేనన్న మాట. తుప్పు గురించి నా దగ్గర ఒక పుస్తకంలో మొత్తం అధ్యాయమే ఉంది, అందులో నాకు ఎనభైకి పైగా మార్కులు కూడా వచ్చాయి.

సారంలో తాతకు తెలిసిన, బండ్ల బాడీలు బాగుచేసే టింకరింగ్ షెడ్డు ఉంది. దాని యజమానిని మేము షెడ్డు మామ అనేవాళ్ళం. ఆయన జీపు బాడీని ఎత్తి పక్కన పెట్టి, ఇంజను, చక్రాలు విప్పేసి, ఛాసిస్‌ను ఒంటరిగా నేల మీద పడుకోబెట్టాడు. కుళ్ళిన రెండు చోట్ల ఇనుప పట్టీలు వెల్డింగ్ చేశాడు. మిగతాది గట్టిగానే ఉంది పాపా, పైపైన గీకి నల్ల పెయింటు కొట్టి బిగించేద్దామన్నాడు. పైపైన అన్న మాట నాకు నచ్చలేదు. తుప్పు మీద పెయింటు వేయడం దొంగను లోపల పెట్టి తలుపు మూసినట్టని ఆయనకు వివరించాను. ముప్పై ఏళ్ళుగా బండ్లకు రంగులు వేస్తున్న ఆ మనిషి చేతిలో టీ గ్లాసు చల్లారిపోయేదాకా నిలబడి విని, అయితే నువ్వే చెయ్యి తల్లీ అన్నాడు. నేను కోరుకున్నదీ అదే. మూడు చక్రాల తోపుడు బండి మీద ఛాసిస్‌ను ఎక్కించి కోసపాళయం తెచ్చుకున్నాం. వీధిలోకి రాగానే ఎదురింటి అత్త, ఏంది కొత్త మంచం కొంటిరా, ఇంత పొడుగు మనిషి మీ ఇంట్లో ఎవరు అని అడిగింది. ఇంటి పక్క ఖాళీ జాగాలో నాలుగు సిమెంటు దిమ్మెల మీద దాన్ని నిలబెట్టాను.

పని మొదలయింది. ఐదు రోజులు వైరు బ్రష్షుతో రుద్దాను. తరువాత ఎమరీ కాగితంతో రుద్దాను. నా ముక్కు చీదితే ఎర్రగా వచ్చేది. రాత్రి అన్నం తింటుంటే కంచం కూడా తుప్పు వాసన వేసేది. అవ్వ మాత్రం రోజూ ఒక చిన్న ముక్కాలిపీట తెచ్చుకుని, నేను పనిచేస్తున్నంతసేపూ నీడలో కూర్చునేది. నేను రుద్దుతూనే ఆమెకు ఇనుము ఎందుకు తుప్పు పడుతుందో, ఉప్పుగాలి ఏం చేస్తుందో, పుస్తకంలో ఏమని ఉందో చెబుతూ ఉండేదాన్ని. ఆరో రోజు కిరసనాయిలుతో జిడ్డు కడిగి, తుప్పు తీసే మందు పూసి, మంచినీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టాను. ఇనుము బూడిదరంగులో శుభ్రంగా బయటపడింది. దాని చుట్టూ చాక్‌పీసుతో ఒక గీత గీసి, ఈ గీత దాటి ఎవరూ చేత్తో తాకకూడదని ఇంట్లో అందరికీ ప్రకటించాను. చిన్నాయన గీత బయట నిలబడి దండం పెట్టాడు.

అవ్వ మాత్రం ఊరుకోలేదు. మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. కత్తిపీట గానీ, పార గానీ, కొడవలి గానీ, ఏ ఇనుప వస్తువునైనా సానబట్టి తెచ్చిన రోజు దానికి ఆముదం రాసి, పసుపు కుంకుమ పెట్టి, ఒక పూట అలా వదిలేశాకే వాడుకోవాలి. "బోడి ఇనుమును అట్లా ఉంచకూడదు కన్నా, రవ్వంత ఆముదం పూసి బొట్టు పెడతా" అంది. నేను బ్రష్షు కింద పెట్టి, ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. చిన్నపిల్లలకు పాఠం చెప్పేటప్పుడు అలా కూర్చోవాలని ఎక్కడో చదివాను.

"అవ్వా, బాగా విను. నూనె తగిలితే పెయింటు పట్టదు. పట్టకుంటే ఊడిపోతాది. ఊడిపోతే ఎఫ్.సి. రాదు. ఎఫ్.సి. రాలేదంటే నేను యాడికీ పోలేను, ఈడనే ఉండిపోవాల. అర్థమైందా?"

అవ్వ చాలాసేపు నా వైపు చూసి, అర్థమైందని తల ఊపింది. నా బోధనా సామర్థ్యం మీద నాకే ముచ్చటేసింది. ఆ ధైర్యంతోనే మధ్యాహ్నం ప్రైమరు, అంటే రంగు కింద ముందుగా వేసే పూత, కొనడానికి బజారుకు వెళ్ళాను. అందరూ పది నిమిషాల్లో కొనుక్కొచ్చే రెడ్ ఆక్సైడ్ డబ్బాను నేను రెండు గంటల సేపు కొన్నాను. షాపులో ఉన్న ప్రతి డబ్బా మీదా ఉన్నదంతా చదివాను. షాపాయన మూడోసారి ఫ్యాను ఆపినప్పుడు గానీ బయటికి రాలేదు. ఆ రెండు గంటల్లో అవ్వ చాక్‌పీసు గీత దాటి లోపలికి వెళ్ళింది. అరసీసా ఆముదం, తాత పాత పంచె ముక్క పట్టుకుని ఛాసిస్ ఈ చివర నుంచి ఆ చివరకు, పైనా కిందా, మూలలు కూడా వదలకుండా పూసింది. పూసి, పైకి కనబడకుండా శుభ్రంగా తుడిచింది. ఈ సంగతి నాకు తెలిసింది నెల తరువాత. మీకు మాత్రం ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథలో ఏమీ తెలియకుండా ఉండాల్సింది నేనొక్కదాన్నే.

నేను తిరిగొచ్చేసరికి ఇనుము ఒక రకమైన నిగారింపుతో మెరుస్తోంది. అది తుప్పు తీసే మందు గొప్పతనమని నోటుపుస్తకంలో రాసుకున్నాను (ప్రతి దశనూ రాసుకునేదాన్ని, ఫ్యాక్టరీలో చూపించవచ్చని). రెడ్ ఆక్సైడ్ వేశాను. నాలుగు గంటల్లో ఆరుతుందని డబ్బా మీద ఉంది. మర్నాడు ఉదయం వేలు పెడితే వేలు అంటుకుంది. ఆ మర్నాడు ఒక కాకి ఈక అంటుకుంది. మూడో రోజుకు ఎదురింటి అత్త ఆరేసిన తుండుగుడ్డ గాలికి వచ్చి అంటుకుంది. దాన్ని ఊడదీసి ఆమెకు ఇచ్చేటప్పుడు, సముద్రం దగ్గర గాల్లో తేమ ఎక్కువ, అందుకే ప్రైమరు నెమ్మదిగా ఆరుతుంది, నెమ్మదిగా ఆరిన పెయింటే గట్టిగా నిలుస్తుంది అని చెప్పాను. ఇందులో రెండో సగం ఏ పుస్తకంలోనూ లేదు. అప్పటికప్పుడు నాలోంచి వచ్చింది.

ఐదో రోజుకు ఎలాగో ఆరింది. రెండో కోటింగు వేశాను. తుప్పు తిన్న చోట్ల ఇనుము చిల్లులు చిల్లులుగా, మొటిమల మచ్చల్లా ఉండటం నాకు నచ్చలేదు. ఛాసిస్‌కు పుట్టీ పెట్టడం ఎక్కడా లేదని షెడ్డు మామ ముందే చెప్పాడు, కానీ ఎక్కడా లేనిది చేయడమే కదా గొప్ప. గుంట కనబడిన ప్రతి చోటా పుట్టీ నింపి, నున్నగా రుద్దాను. కుడివైపు ముందు చక్రం దగ్గర, చట్రం మీద ఒక జానెడు మేర ఎవరో సుత్తి పెట్టి కొట్టినట్టు వరసగా గాట్లు ఉన్నాయి. ఎర్ర ప్రైమరు కూరుకుపోయి వికారంగా ఉంది ఆ చోటు. ఏ మొరటు మెకానిక్కు చేసిన పనో అని తిట్టుకుని, అక్కడ మాత్రం రెండుసార్లు పుట్టీ పెట్టి, అరచేత్తో తడిమితే జారిపోయేలా చేశాను. పైన నల్ల ఎనామిల్ రెండు కోటింగులు. అన్నీ అయ్యాక చిన్నాయన వచ్చి, ఆ నలుపులో తన మొహం చూసుకుని క్రాపు దువ్వుకున్నాడు. తాత చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వేలి ముడితో రెండు చోట్ల కొట్టి, "ఊడదు గదా" అన్నాడు. సుత్తితో కొట్టినా ఊడదు తాతా అన్నాను.

మళ్ళీ సారం తీసుకెళ్ళి బిగించేటప్పుడు, పైకెత్తడానికి కట్టిన గొలుసులు రాసుకున్న చోట రెండు మూడు పెచ్చులు లేచాయి. గొలుసు రాసుకుంటే ఏ పెయింటైనా లేస్తుందని చెప్పి, లేచిన చోట మళ్ళీ నల్లరంగు పులిమాను. షెడ్డు మామ ఆ పెచ్చుల్లో ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, నన్నొకసారి చూసి, జేబులో వేసుకున్నాడు. చూస్తే బాగా నచ్చినట్టుందే అనుకున్నాను.

రవాణా ఆఫీసుకు వెళ్ళే రోజు తాత గంజిపెట్టిన తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. చిన్నాయన బండి నడిపాడు. నేను వెనక, ఒళ్ళో నోటుపుస్తకంతో. జీపు మలుపు తిరిగేదాకా అవ్వ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. గెలిచి రమ్మని దీవిస్తోందని చెయ్యి ఊపాను. ఉద్యోగంలో చేరవలసిన రోజుకు ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. ఈ రోజు కాదంటే మళ్ళీ వరస వచ్చేసరికి నెల పడుతుంది, అంటే ఈ రోజు కాదంటే ఇక కంప్యూటర్ సెంటరే. దారి పొడుగునా నోటుపుస్తకం తెరుస్తూ మూస్తూనే ఉన్నాను. పాఠం మళ్ళీ చూసుకుంటున్నానని అనుకున్నాను గానీ, నిజానికి అది భయం.

ఇన్‌స్పెక్టరు యానాం నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. మా మాటలు విని, మీరు తెలుగువాళ్ళాండీ అని ఎంతో సంతోషపడ్డాడు. తాత నాలుగు వాక్యాలు మాట్లాడేసరికి ఆ సంతోషం కాస్త అయోమయంగా మారింది. లైట్లు చూశాడు, హారన్ కొట్టించాడు, బ్రేకులు వేయించాడు. ఛాసిస్ కింద టార్చి వేసి చూసి, భలే నిగనిగలాడుతోందే అన్నాడు. నేను ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాను. తుప్పు తీసిన విధానం, ప్రైమరు, పుట్టీ, రెండు కోటింగులు, సముద్రతీరంలో తేమ ప్రభావం, అంతా నోటుపుస్తకం చూపిస్తూ చెప్పాను. సుత్తితో కొట్టినా ఊడదని కూడా చెప్పాను. ఆయన ఓపికగా విని, జేబులోంచి పెన్సిలు, పల్చటి కాగితం తీసి, కుడివైపు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆ అచ్చును కాగితాలకు జతచేయాలి. అది పద్ధతి. ప్రతి బండికీ ఫ్యాక్టరీలోనే ఇనుములో గుద్ది పెడతారు ఆ నంబరు. నేను చదివిన పుస్తకంలో కూడా ఉంది, వేరే అధ్యాయంలో.

ఇన్‌స్పెక్టరు చేత్తో తడిమాడు. అటు తడిమాడు, ఇటు తడిమాడు. చెయ్యి జారిపోతోంది. లేచి నిలబడినప్పుడు ఆయన మొహంలో ఇందాకటి బంధుత్వం లేదు.

"ఏవండీ పెద్దాయనా, నంబరేదండీ? ఎవరైనా చెరిపేశారా దీన్ని? నంబరు లేని బండంటే దొంగబండి కిందే లెక్కండి. నేను పోలీసులకి రాయాల్సొస్తుంది."

మా తాత జీవితంలో ఎవరి కొబ్బరికాయా ముట్టని మనిషి. పదిహేనేళ్ళుగా తనదైన బండి పక్కన, గంజిపెట్టిన చొక్కాలో, నలుగురు డ్రైవర్లు చూస్తుండగా ఆయన అలా నిలబడిపోయాడు. నా వైపు తిరిగాడు. కోపం కూడా లేదు ఆ చూపులో, ఏదో ఒకటి చెప్పు పాపా అన్నట్టు ఉంది. ఆ మొహం చూశాక నాకు ఉద్యోగం, హాస్టలు, కంప్యూటర్ సెంటరు అన్నీ ఒక్కసారిగా మరుపున పడ్డాయి. అప్పుడు అర్థమయింది, మొరటు మెకానిక్కు కొట్టిన గాట్లు ఏమిటో. అక్కడ పుట్టీ పెట్టింది నేనే సార్, చెరపలేదు, నింపాను అన్నాను. ఆయన నమ్మలేదు. నమ్మాల్సిన అవసరం లేదు కూడా. నింపినదైతే గీకి చూపించు, నాకు ఇంకా పదకొండు బండ్లున్నాయి, ఐదు నిమిషాలు చూస్తానన్నాడు.

ఐదు నిమిషాల్లో రెండు కోటింగుల ప్రైమరు, రెండు వరసల పుట్టీ, రెండు కోటింగుల ఎనామిల్. నా చేత్తో నేనే వేశాను, ఎంత గట్టిగా ఉందో ఇప్పుడే ఊరంతటికీ చెప్పాను. జీపు తాళంచెవి తీసుకుని ఆ నున్నటి నలుపు ముందు కూర్చున్నప్పుడు, నా జీవితంలో మొదటిసారి నేను చేసిన పని సరిగా అయి ఉండకూడదని దేవుణ్ణి వేడుకున్నాను. తాళంచెవి కొన అంచున పెట్టి గీరాను. గీరాల్సిన పని కూడా లేకపోయింది. ఉడికిన చామదుంప తొక్కలా మొత్తం పొర, ఎరుపూ తెలుపూ నలుపూ అన్నీ కలిసి, చేతిలోకి ఊడి వచ్చింది. చిటికెన వేలు పెట్టి లాగితే మూరెడు ముక్క వచ్చింది. దాని వెనక వైపు ఎర్ర పొరలో నంబరంతా తిరగబడి అచ్చుపడి ఉంది. ఇటువైపు ఇనుము మీద అదే నంబరు, నిన్న గుద్దినట్టు, అద్దంలా మెరుస్తూ, ఒక్క తుప్పు చుక్క లేకుండా కనబడింది. ఆముదం వాసన గుప్పుమంది.

ఇన్‌స్పెక్టరు వంగి, ఇనుమును వేలితో తడిమి, వాసన చూశాడు. తాత కూడా వాసన చూశాడు. చిన్నాయన అటువైపు తిరిగి నిలబడ్డాడు, ఆయన భుజాలు మాత్రం కదులుతున్నాయి. నంబరు కాగితాల్లో ఉన్నదానితో సరిపోయింది. పెన్సిలు అచ్చు చక్కగా వచ్చింది. ఇన్‌స్పెక్టరు టార్చి వేసి మరో నాలుగు చోట్ల పెయింటు గిల్లి చూశాడు. ఎక్కడ గిల్లినా ఊడింది, ఊడిన చోటల్లా ఇనుము కొత్తదానిలా ఉంది. పదిహేనేళ్ళ బండికి ఇంత ఆరోగ్యమైన ఛాసిస్ నేను చూడలేదండీ, పెయింటు సంగతి మాత్రం నన్నడక్కండి, తెలిసినవాడి చేత ఇంకోసారి వేయించుకోండి అని చెప్పి, సంతకం పెట్టాడు. తెలిసినవాడు అన్న మాట దగ్గర తాత దగ్గాడు. నేను నోటుపుస్తకాన్ని సీటు కిందికి తోశాను.

ఇంటికి వచ్చాక తాత సర్టిఫికెట్ దేవుడి పటం దగ్గర పెట్టి, "సరి, పో" అన్నాడు. అంతే. మా అమ్మ ఏడ్చింది. తరువాతి వారం షెడ్డు మామ పెయింటంతా ఊడదీసి, ఆముదం కడిగి, పైపైన గీకి, నల్ల పెయింటు ఒకే కోటింగు కొట్టాడు. ఆ జీపు ఇంకో తొమ్మిదేళ్ళు తిరిగింది. ఇంటికి వచ్చిన చుట్టాలందరికీ మాత్రం తాత, మా పిల్లే దానికి పెయింటు వేసిందని చెప్పుకునేవాడు. చుట్టాలు ఛాసిస్ చూస్తామంటే తాత వాళ్ళను కాఫీకి పిలిచేవాడు.

నేను బయలుదేరే రోజు అందరూ ఎవరి పనుల్లో వాళ్ళుండగా, అవ్వా నేనూ వీధి అరుగు మీద నా పెట్టె పక్కన కూర్చున్నాం. చిన్నాయన నన్ను బస్టాండుకు తీసుకెళ్ళడానికి ఇంకా ముప్పావు గంట ఉంది. ఆముదం సంగతి అన్నాళ్ళూ నేను ఎత్తలేదు. పెద్దమనసుతో క్షమించేసి పోవాలని అప్పుడు ఎత్తాను. నేను వద్దని చెప్పినా వినకుండా ఆచారం కోసం నూనె పూశావు, అదృష్టం కొద్దీ అదే నన్ను గట్టెక్కించింది, పోనీలే అవ్వా అన్నాను.

అవ్వ కొంగుతో నా పెట్టె మీది దుమ్ము తుడిచింది.

"ఆచారమేంది. ఆచారానికి ఒక చుక్క చాలు గదా, అరసీసా ఎవురన్నా పూస్తారా? నువ్వే చెప్తివి, నూనె తగిల్తే పట్టదు, పట్టకుంటే ఈడనే ఉండిపోవాలని. ఉండిపోతావనే పూసినా కన్నా. మద్దేనం పూట ఈ ఇంట్లో నాతో మాట్లాడేదానికి ఇంగ ఎవురుండారు?"

ఇప్పటి నేనైతే ఆ పెట్టె పక్కకు జరిపి, ఆమె చెయ్యి పట్టుకుని ఊరుకునేదాన్ని. బస్సు పోతే ఇంకో బస్సు ఉండేది. కానీ అరుగు మీద కూర్చున్నది ఇరవై ఒక్కేళ్ళ డిప్లొమా ఇంజనీరు. ఆ ఇంజనీరు వాచీ చూసుకుంది. ముప్పావు గంట చాలని లెక్కవేసుకుంది. పెట్టె తెరిచి నోటుపుస్తకం తీసి, నూనె పొర మీద పెయింటు ఎందుకు పట్టదో, అసలు పట్టడం అంటే ఏమిటో, ఎండే నూనెలకూ ఎండని నూనెలకూ తేడా ఏమిటో మొదటి నుంచీ వివరించడం మొదలుపెట్టింది. అరుగు మీద బొగ్గుముక్కతో బొమ్మ కూడా వేసింది. అవ్వ ఆ బొమ్మ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ముప్పావు గంటా నా మొహం వైపే చూస్తూ, ఒక్క మాట కూడా పోనీయకుండా విన్నది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా "ఇంగా చెప్పు" అంది. నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను. పెయింటింగు మీద ఇంత ఆసక్తి ఉన్న మనిషిని అప్పటిదాకా నేను చూడలేదు.